తెల్లగా మిగిలిన పొడి

1998 ఎండాకాలం. మా అమ్మాయి మోహన వేలూరు కాలేజీలో మూడేళ్ళు కష్టపడి ఒక తెల్లపొడి చేసింది. కంటికి ఆనని రంధ్రాలున్న సిలికాకు టైటానియా పట్టించిన పొడి. రంగునీళ్ళలో కలిపి ఎండలో పెడితే రంగు విరిగి లేకుండా పోతుందట. నేను గుడియాత్తంలో లుంగీల నూలుకు అద్దకం వేసేవాణ్ణి. నా తొట్టి కడుగునీళ్ళతోనే ఆమెకు చివరి పరీక్ష. నెగ్గకపోతే డాక్టరేటు రాదు.

పరీక్ష చెయ్యడానికి వచ్చిన ప్రొఫెసరు బలరామయ్యగారు కాలేజీ మేడమీద గొడుగు వేసుకొని కూర్చున్నారు. రెండు గాజుపాత్రల్లో నీలంనీళ్ళు. ఒకదాంట్లోనే పొడి కలిపినారు. చౌడేశ్వరి తల్లికి మొక్కుకుంటూ నేను గోడ నీడన నిలబడ్డాను. మధ్యాహ్నానికి పొడి కలిపిన నీళ్ళు తేటపడ్డాయి. రెండోది నీలంగానే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు.

"ఏం నాయనా, మొగం అట్ల పెట్టినావు?" అంది మోహన.

"నూలు రంగు తాగేసినాక మన తొట్టిలో నీళ్ళు ఇట్లనే తేటగా ఉంటాయి కదమ్మా. రంగు యాడికీ పోలేదు, నూల్లో ఉండాది. నీ పొడి గూడా తాగేసిందేమో?"

"అయ్యో, ఊరికే ఉండు నాయనా!" అని మోహన నా మోచెయ్యి గిల్లింది. అప్పటికే బలరామయ్యగారు విన్నారు.

"పెద్దాయన అడిగింది న్యాయం. పొడి చూపించమ్మా."

బిడ్డ నోటికాడి కూడు నేనే తీసేశానా?

మోహన నీళ్ళు వడగట్టింది. కాగితం మీద పొడి బియ్యప్పిండిలా తెల్లగా నిలిచింది. నూలుకు రంగు పట్టిందో లేదో చూసినట్టే వేళ్ళతో నలిపాను, వేణ్ణీళ్ళలో కలిపాను, పంచె అంచుకు రుద్దాను. రవ్వంత రంగు కూడా దిగలేదు. అప్పుడామె నల్లగుడ్డ చుట్టి పెట్టిన ఇంకో పాత్ర తెచ్చింది. అందులోదీ అదే పొడి, అవే నీళ్ళు. వడగడితే పొడి ముద్ద నీలం!

"ఇది ఎండ చూడలేదు నాయనా. అందుకే తాగి ఊరికే కూచుంది. ఎండ చూసింది తాగిన రంగును విరగ్గొట్టేసింది."

బలరామయ్యగారు గొడుగు మడిచి లేచారు. "ఈ ప్రశ్న నేను అడుగుదామనుకున్నా. నెగ్గినావు, డాక్టర్ మోహనా!"

నేను ముందు సూర్యుడికి దండం పెట్టాను. ఆయన రోజూ నా తొట్టిమీదే కాస్తున్నాడు. మరి ఇన్నేళ్ళూ ఆ పని ఎందుకు చెయ్యలేదో, మనిషి చేతికోసం ఎందుకు ఆగాడో నాకు తెలియదు. తర్వాత నా బిడ్డకే దండం పెట్టబోతే చేతులు పట్టుకుంది.

ఇంటికి రాగానే నా భార్య రాజాంబాళ్ ఎదురొచ్చింది. "నెగ్గిందా?"

"నెగ్గింది!"

"మరి నువ్వేం చేసినావు ఆడ?"

"అడ్డం పడినాను," అన్నాను, నవ్వాపుకోలేక.