రాతిముఖాల ముందు బావ

నవ్వకుండా కూర్చోవడమే నా ఉద్యోగం. వినడానికి హాయిగానే ఉంటుంది, చేస్తే తెలుస్తుంది బాధ. మనిషిని కంగారు పెడితే ఒంట్లో ఏం జరుగుతుందో కొలిచే ప్రయోగశాల మాది. తెల్లకోట్లు తొడుక్కుని ముగ్గురం బల్ల వెనక కూర్చుంటాం. ఇష్టపడి వచ్చినవాళ్లు మా ముందు నిలబడి తమ గురించి కాసేపు మాట్లాడాలి. తర్వాత వెయ్యీ ఇరవై రెండులోంచి పదమూడు చొప్పున తీసేస్తూ పైకి లెక్క చెప్పాలి. పొరబడితే నేను చప్పగా "తప్పు. మళ్లీ మొదటి నుంచి" అంటాను. బాగా చెప్పినా తల ఊపం. అంతా అయ్యాక వాళ్లచేత దూదిచుట్ట నమిలించి, ఉమ్మిలో కార్టిసాల్ ఎంత పెరిగిందో చూస్తారు. కంగారులో ఒళ్లు వదిలే రసం అది.

ప్రయోగం నడిపే మా మేడమ్ అదే మనుషుల్ని మళ్లీ మళ్లీ పిలిపిస్తుంది. తమాషా అంతా అక్కడే ఉంది. మొదటిసారి ఆ రసం పొంగుతుంది. రెండోసారికో మూడోసారికో చాలామందిలో దిగిపోతుంది. గుండె మాత్రం అంత త్వరగా మాట వినదు, దాని దడ దానిదే. కొందరికైతే ఎన్నిసార్లు వచ్చినా మొదటిసారి లెక్కే. ఎందుకలాగో తేల్చుకోలేక మేడమ్ జుట్టు పీక్కుంటోంది.

ఇంట్లో మా అక్క మొగుడున్నాడు. వడ్రంగి. చేతిలో బంగారం ఉంది కానీ నోట్లో నాలుక లేదు. ఏళ్ల తరబడి చిత్రిక పట్టి పట్టి మణికట్లు అరిగిపోయాయి, ఇక బరువు పని మానెయ్యమని డాక్టరు తేల్చి చెప్పేశాడు. చెక్కపని నేర్పే శిక్షణ సంస్థలో మాస్టారు ఉద్యోగం పడింది. కిందటిసారీ పడింది. అప్పుడు బావ ఇంటర్వ్యూకి వెళ్లి పేరు చెప్పాడు, ఆ తర్వాత నీళ్లు నమిలాడు, లేచి వచ్చేశాడు. ఈసారీ పోతే ఇల్లు గడిచే దారి లేదు. అక్క పైకి అనదు కానీ అన్నం కెలికి వదిలేస్తోంది.

"బావా, నిన్ను నేను బాగుచేస్తాను. రోజూ భోజనాలయ్యాక పరీక్ష" అన్నాను.

"నన్ను ఏడిపించడానికి నీకు జీతం కూడానా, మరదలా?"

"నీకు ఉచితం."

బావవే తెల్లచొక్కాలు కోట్లలా వెనక్కి తిప్పి తొడుక్కుని నేనూ, అక్కా, వాళ్ల అత్తగారూ వరసగా కూర్చున్నాం. అక్క మొదటి రోజే తువ్వాలు నోట్లో కుక్కుకుంది, నవ్వు ఆగక. అత్తయ్య మాత్రం మా మేడమ్ చూస్తే ఎగరేసుకుపోయేంత బాగా కూర్చుంది. నిజానికి ఆవిడకే ఎక్కువ కష్టం. కొడుక్కి మాటలొచ్చిన నాటి నుంచి ఎవరేమడిగినా బదులు చెప్పింది ఆవిడే. ఇప్పుడు బావ తడబడినప్పుడల్లా ఆవిడ పెదవులు కదిలేవి, నేను కాలు తొక్కేదాన్ని.

మొదట్లో బావ ముఖాన నెత్తురుచుక్క లేదు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. "వెయ్యీ తొమ్మిది" అని ఆగి, పైకప్పు కేసి చూశాడు. "తప్పు" అన్నాను. "తర్వాతది ఇంకా చెప్పనే లేదుగా!" అన్నాడు పాపం. అలా రోజులు గడిచాయి. చెయ్యి పట్టుకుని చూస్తే నాడి ఇంకా పరుగెడుతూనే ఉండేది కానీ మాట మాత్రం నిలబడింది. ఉలి పట్టు గురించి, చెక్క నార చూసి కొయ్యడం గురించి మా రాతిముఖాలకి చెప్పుకుపోయేవాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంటర్వ్యూ రోజు అక్కా నేనూ తోడు వెళ్లాం. వసారాలో బెంచీ మీద కూర్చున్నాం. తలుపు తెరుచుకుంది. లోపల ముగ్గురూ లేచి నిలబడి, నోరారా నవ్వుతూ, "రండి రండి, మీ కోసమే చూస్తున్నాం! మంచినీళ్లు తాగుతారా?" అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒళ్లు అలవాటుపడేది తనకి తెలిసిన కంగారుకేననీ, కొత్తది ఎదురైతే కథ మళ్లీ మొదటికొస్తుందనీ మేడమ్ మాకు నూరిపోస్తూనే ఉంటుంది. బావకి మేం రాతిముఖాలు అలవాటు చేశాం. ఎదుటివాళ్లు నవ్వితే ఏం చెయ్యాలో ఒక్కరోజూ నేర్పలేదు!

బావ లోపలికెళ్లాడు, తలుపు మూసుకుంది. అక్క నా చెయ్యి నలిపేస్తోంది. ఉన్నట్టుండి లోపల గొల్లుమన్నారు.

"నవ్వుతున్నారే ఆయన్ని చూసి!" అక్క లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు. "వెళ్లి తీసుకొచ్చేస్తాను. ఉద్యోగం లేకపోతే లేదు."

కొంగు పట్టుకుని ఆపాను. అంతలో బావ గొంతు వినిపించింది. మొదట సన్నగా, ఆ తర్వాత గట్టిగా. ఎంతకీ ఆగదే! మధ్యలో ఎవరో ఏదో అడుగుతున్నారు, మళ్లీ బావే. అక్క తలుపుకి చెవి ఆనించి నిలబడిపోయింది.

లోపల జరిగింది తర్వాత బావే చెప్పాడు. ఆ నవ్వులు చూడగానే నోరు పెగల్లేదట. చివరికి చేతులు జోడించి, "అయ్యా, తప్పుగా అనుకోకండి, మీరు నవ్వకుండా ఉంటే మాట్లాడతాను" అన్నాడట. వాళ్లు పగలబడి నవ్వారట. పెద్దాయన కళ్లు తుడుచుకుని ఎందుకని అడిగితే, బావ మొత్తం చెప్పేశాడు. తిప్పి తొడిగిన చొక్కాలు, తువ్వాలు, కార్టిసాల్, మాట వినని గుండె, అన్నీ. చెప్తూ చెప్తూ, భయపడే పిల్లాడి చేతికి ఉలి ఎలా ఇవ్వాలో కూడా చెప్పాడు. మొదటి రోజు చెయ్యి వణుకుతుందనీ, ఆ వణుకుని తిట్టకూడదనీ, అదే పని మళ్లీ చేయించి పక్కనే నిలబడాలనీ.

"మాకు కావలసిన మాస్టారు మీరే" అన్నాడట పెద్దాయన.

బావ బయటికొచ్చి ఆ మాట చెప్పగానే అక్క అతని మణికట్లు రెండూ పట్టుకుని బావురుమంది. నాకూ ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, దేన్నీ ఆపుకోలేదు.

బస్సెక్కాక కూడా బావ మాట్లాడుతూనే ఉన్నాడు. కిటికీ పక్కవాడికి చెప్పాడు, టిక్కెట్టు ఇచ్చినాయనకి చెప్పాడు, అక్కకి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. దిగాల్సిన చోటు దాటిపోయింది. అక్క చూసింది, నేనూ చూశాను. ఇద్దరం ఆపలేదు.