అషాకే ఎవరు?

మా ఇబాదాన్‌లో పాటగాడు విందుకు వెళ్లే ముందు ఆ ఇంటావిడ ముద్దుపేరు, వంశం గొప్పలు తెలుసుకుని తీరాలి. పుట్టగానే పెట్టే ఆ పేరుతో పొగిడితే మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా లేచి ఆడతారు. పాడేది మా ఆయన లాసున్. ఆరా తీసేది నేను. బట్టల బజారులో కాసేపు కూర్చుంటే ఎవరి తాతల చరిత్రయినా దొరుకుతుంది.

ఊళ్లో ఆడవాళ్లందరి ముద్దుపేర్లూ ఆయనకు కంఠతా వచ్చు. నేను మాత్రం దోతున్ అమ్మని. దోతున్ పుట్టకముందు ‘ఇదిగో’ని.

నా ముద్దుపేరు అషాకే. అలా పిలిచేది మా అమ్మ ఒక్కతే. పోయిన వానాకాలంలో అమ్మ పోయింది. పెళ్లిలో నన్ను అప్పగిస్తూ అమ్మ ఆ పేరుతోనే పాడి ఏడ్చినప్పుడు ఆయన పక్కనే ఉన్నారు. గుర్తుందో లేదో చూడాలనిపించింది.

“దోతున్ అమ్మా, శనివారం టైర్ల కొట్టు అలావో గారింట్లో పాట. ఆ ఇంటావిడ ముద్దుపేరేమిటి?”

“అషాకే. ఏనుగు తొక్కిన చేలో జొన్న పండించినవాళ్ల మనవరాలు.”

పొయ్యి మీద అమలా ముద్ద కలుపుతున్న తెడ్డు ఆపి ఆయన మొహం చూశాను.

“భలే! తాళంలో కూర్చుంటుంది. ఇంకో మాంసం ముక్క వెయ్యి.”

వేశాను.

శనివారం పందిట్లో వెనక కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన మేళంలోని ముసలాయన చంకలో మాట్లాడే డప్పు నొక్కి నా పేరు పలికించాడు. మా ఆయన అందుకున్నారు. ఎంత బాగా పాడారనీ! కళ్లు మాత్రం అలావో గారి భార్య మీద. ఆవిడ అసలు ముద్దుపేరు అజోకే. ఒక్క క్షణం తెల్లబోయింది. నలుగురిలో పాట ఆపి, అది నేను కాదంటే గొప్పగా చుట్టుకొచ్చిన తలగుడ్డ ఎత్తు తగ్గిపోదూ? లేచి ఆడింది.

ఆ పాట రికార్డయింది. అంతవరకు ఆయన పాడిన వాటిలో ఏదీ అంతగా మోగలేదు.

పక్కింటి రిసికత్ అమ్మ గోడ మీద నుంచి తొంగిచూసింది. “ఎవరే ఆ అషాకే? మీ ఆయన దాచుకున్న మనిషా ఏం?”

“ఏమోనమ్మా. నేనూ చూసి చాలాకాలమైంది.”

లోపలి నుంచి ఆయన కేక. “దోతున్ అమ్మా! రేడియో కాస్త పెంచు. ఈ చరణంలో నా గొంతు బాగుంటుంది.”

పెంచాను.