చెవి మేస్త్రి కొన్న బేరింగులు

ముందే చెప్పేస్తున్నా, నాకు చెవులు సరిగ్గా వినపడవు. ఈ ఒక్క ముక్క ఒప్పుకోడానికి నాకు రెండేళ్లు, ఒక గ్రైండరు, నాలుగు బేరింగులు పట్టాయి. ఒప్పుకోకపోవడానికి కారణం లేకపోలేదు. మోటార్లు బాగుచేసే మా లైన్లో నన్ను చెవి మేస్త్రి అంటారు. మోటారు విప్పకుండా, పక్కన నిలబడి కళ్లు మూసుకుని, దాని రోగమేంటో చెప్పేస్తానని పేరు. ఆ పేరు చూసే జనం పక్క వీధిలోని పెద్ద షాపు దాటుకుని మరీ నా దగ్గరికొస్తారు. చెవి మేస్త్రికి చెవుడని తెలిస్తే ఇంకెవడొస్తాడు? షట్టరు దించుకుని, ఇంట్లో కూర్చుని, మా ఆవిడ చేత తిట్లు తినాలి. అవీ సరిగ్గా వినపడవు, అది వేరే సంగతి.

షాపులో ఉండేది నేను, మా అమ్మాయి. రాగితీగ చుట్టే వైండింగ్ తనది, విప్పడం బిగించడం నాది. ఒకరోజు తను సానరాయి గ్రైండరు మీద ఉలి పదును పెడుతూ సగంలో ఆపేసి, దీని బేరింగు పోయింది నాన్నా, అరుస్తోంది అని చెప్పింది.

వెళ్లి పక్కన నిలబడ్డాను. కళ్లు మూసుకున్నాను. రాయి తిరుగుతున్న గాలి చేతికి తగుల్తోంది గానీ అరుపూ లేదు, ఏడుపూ లేదు. నాకు వినపడకపోతే లేనట్టే, ముప్పై ఏళ్లుగా నా లెక్క అది. రాయి ఎగుడుదిగుడైంది, సాపు చెయ్యి అన్నాను. పైగా చేతిలో పనున్నప్పుడు చెవులకి పని చెప్పకని ఒక చురక కూడా వేశాను. తను రాయి సాపు చేసింది.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ వచ్చి, ఆ గ్రైండరు గోల గోడ దాటి వంటింట్లోకి వస్తోంది, ముందు దాని సంగతి చూడమని గుమ్మంలో నిలబడి కేకలేసింది. రెండేళ్లుగా ఆవిడ గొంతు అలా పెరుగుతూనే ఉంది. వయసుతో పాటు నోరు పెరిగిందనుకుని నేనూ నోరు పెంచాను. మా కాపురం ఎప్పుడూ కొట్లాటేనని వీధిలో వాళ్లు అనుకునే ఉంటారు.

ఇక తప్పక రాయి ఊడదీసి, ఇరుసు పట్టుకుని కదిపాను. పళ్లూడిపోయే ముసలాడి పన్నులా ఊగింది. రెండువైపులా బేరింగుల్లో గ్రీజు ఎండి, రాతిపొడి కలిసి నల్లటి ముద్దయింది. నంబరు అరిగిపోయింది కాబట్టి కొలిచాను. లోపల పదిహేను, బయట ముప్పై ఐదు, మందం పదకొండు మిల్లీమీటర్లు. అంటే 6202 నంబరుది. ఫోన్ చేస్తే మంచి కంపెనీవి గంటలో పంపిస్తారని మా అమ్మాయి అంది. బుద్ధున్నవాడైతే సరేననేవాడు. నేను మాత్రం, బేరింగు ఫోన్లో కొనేది కాదు, చెవితో కొనేది అని గొప్పగా చెప్పి చొక్కా తొడుక్కున్నాను. నోటి దురద అంటే ఇదే.

బేరింగుల షాపాయన నన్ను చూడగానే కుర్చీ వేయించి, ఎనిమిది డబ్బాలు బల్ల మీద పరిచాడు. ఈసారి సరుకులో కొన్ని తేడాగా ఉన్నాయట, మేస్త్రి చెవి ఉండగా తనకేం భయం అన్నాడు. అన్నాడనే అనుకుంటున్నా, పైన ఫ్యాను తిరుగుతోంది. బేరింగుని వేళ్ల మధ్య పట్టుకుని చెవి దగ్గర తిప్పితే మంచిదేదో, నాసిదేదో తెలిసిపోతుంది. మంచిది మెత్తగా తిరుగుతుంది, నాసిది ఇసుక నమిలినట్టు తిరుగుతుంది. అది చూద్దామని అక్కడున్న నలుగురూ చుట్టూ మూగారు.

మొదటిది తిప్పాను. ఏమీ లేదు. రెండోది. ఏమీ లేదు. ఎనిమిదీ కూడబలుక్కున్నట్టు నోరు మూసుకున్నాయి. కనీసం వేళ్లకైనా తెలియాలి, కానీ ఆ కంగారులో అవీ ఏమీ పట్టుకోలేకపోయాయి. పైకి మాత్రం మేకపోతు గాంభీర్యం. ఏదో ఒకటి చెయ్యాలి కదా. మూడోదానికి మొహం చిట్లించి పక్కన పెట్టాను. ఐదోదానికి తల అడ్డంగా ఊపాను. ఆరోదాన్ని రెండుసార్లు తిప్పి ఊఁ అన్నాను. చివరికి రెండు ఏరి జేబులో వేసుకుంటుంటే షాపాయన అందరి ముందూ నన్ను ఆకాశానికెత్తాడు. పొగడ్త మాత్రం బాగానే వినపడింది.

షాపుకొచ్చి ఇరుసు శుభ్రంగా తుడిచి, పైపు ముక్కని లోపలి రింగుకి ఆనించి, మెల్లగా కొడుతూ బేరింగులు కూర్చోబెట్టాను. బయటి రింగు మీద కొడితే కొత్త బేరింగు అక్కడే చస్తుంది, ఆ తెలివి ఇంకా మిగిలే ఉంది. స్విచ్చి వేసి, వెన్నలా తిరుగుతోంది చూడు అన్నాను.

మా అమ్మాయి పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి నా చేతిలో పెట్టింది. మొన గ్రైండరు ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కితే ఎముక గుండానే లోపలి చప్పుడు తెలుస్తుంది. తనకి నేర్పింది నేనే. నేనెప్పుడో మానేశాను, నా చెవికి ఊతకర్ర ఎందుకని.

నొక్కాను. ఎడమవైపు గరగరమని ఒకటే రొద. తీశాను, ఏమీ లేదు. మళ్లీ నొక్కాను, గరగర. తీశాను, ఏమీ లేదు. అలా ఎన్నిసార్లు చేశానో. రెండేళ్లలో ఒక మోటారు చప్పుడు నేను నిండుగా విన్నది అప్పుడే. పాడైపోయిన బేరింగు చప్పుడు విని నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నా, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని ఏడ్చాను.

తను గ్రైండరు ఆపేసి, పెదాలు నాకు కనపడేలా ఎదురుగా వచ్చి నిలబడింది. చాలా రోజులుగా నాతో మాట్లాడేటప్పుడు అలాగే నిలబడుతోందని అప్పుడు గుర్తొచ్చింది.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"పోయినేడాది నుంచి. అందుకేగా, మోటారు ఎవరు తెచ్చినా ముందు నేనే నోరు తెరిచేదాన్ని."

నిజమే. పిండిమర మోటారొస్తే, కీచుమంటోంది కదా నాన్నా అనేది. నీళ్ల పంపొస్తే, దడదడ కొడుతోంది కదా అనేది. నేను కళ్లు మూసుకుని, కాసేపు ఆలోచించినట్టు నటించి, కీచుమంటే బేరింగు, దడదడ కొడితే ఫ్యాను రెక్క అని తీర్పు చెప్పేవాణ్ణి. జనం ఆహా అనేవారు. వాళ్లటు వెళ్లగానే, నేను వింటుంటే తగుదునమ్మా అని మధ్యలో దూరతావేంటని తనకి చీవాట్లు పెట్టేవాణ్ణి. ఏడాది పాటు చెవి తనది, పేరు నాది. చీవాట్లు కూడా తనకే.

"మరి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు షాపుకి రావడం మానేస్తావని భయమేసింది."

ఆ బేరింగులు పీకి, సాయంత్రం ఇద్దరం కలిసి బేరింగుల షాపుకి వెళ్లాం.

షాపాయన మళ్లీ డబ్బాలు పరిచి నావైపు జరిపాడు. నేను మా అమ్మాయి వైపు జరిపాను. తను ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ఆయన నవ్వి, అదేంటి మేస్త్రీ, మీరు వినరా అన్నాడు. పెదాలు చూసి పట్టుకున్నాను. జలుబు చేసిందనొచ్చు. అమ్మాయికి పని నేర్పిస్తున్నాననొచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి.

"నాకు వినపడదండీ. పొద్దున తీసినవి ఉత్తుత్తినే తీశాను. ఏడాదిగా మా షాపులో వినేది మా అమ్మాయే."

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలీదు. షాపంతా పని ఆపేసి నావైపు తిరిగింది. మా అమ్మాయి ఒక్కతే తిరగలేదు. బేరింగు చెవి దగ్గరే ఉంచుకుని, రెండో చేత్తో నన్ను కాస్త ఊరుకోమని సైగ చేసింది.

నోరు మూసుకుని పక్కన నిలబడ్డాను.