రెండు గీతల చెక్కు

బాలమణికి చంద్రభాగను చూస్తే కడుపు మండుతది. ఇందులో దాచేదేం లేదు. మరాఠోళ్ళ ఊర్ల మన తెలుగోళ్ళుండే నీలం నగర్ గల్లీ అంతటికీ తెలుసు. చంద్రభాగకు అందరికంటే ముందే తెలుసు.

రెండిండ్లకూ నడుమ ఒక్కటే గోడ. పొద్దుగాల మొగోళ్ళు పవర్‌లూముల మీదికి పోంగనే ఇద్దరూ ఎవరి గడపల వాళ్ళు కూసొని, ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చేస్తరు. బాలమణి ఒక కట్ట కట్టేలోపల చంద్రభాగ ఇంకో కట్టకు దారం చుడుతుంటది. అది చాలదన్నట్టు పాట గూడ పాడతది. శనివారం కార్ఖానాకు మాలు తీస్కపోతే లెక్కలు రాసే మునీము అంబాదాస్ బాలమణి కట్టలు విప్పి, నలిపి చూసి, చారెడు బీడీలు చెడ్డయని పక్కకు పారేస్తడు. చంద్రభాగ కట్టలను విప్పను గూడ విప్పడు. పైనుంచి "కాయ్ చంద్రభాగాబాయి, తబ్యేత్ బరీ ఆహే నా?" అని నవ్వుతడు. బాలమణి పానం ఎట్లున్నదో ఇంతవరకు ఏ మునీమూ అడగలే.

పోయినేడు చంద్రభాగ ఇంట్లకు టేబుల్ ఫ్యాన్ వచ్చింది. బీడీలు చేసే ఇంట్ల ఫ్యాన్ ఏం జేస్కుంటరు? తిప్పితే చాటల ఉన్న తంబాకంత లేసి కండ్లల్ల పడతది. అందుకే అది పూల గుడ్డ కప్పుకొని, కొత్త కోడలి తీరు మూలకు కూసున్నది. తిరగకపోతే తిరగకపాయె, ఉన్నదిగదా! బాలమణి ఇంట్ల ఉన్నయేంది? కప్పు రేకులకు బొక్కలు. వాన పడితే ఇంట్ల గిన్నెలన్నీ నేల మీదికి దిగుతయి. తంబాకు తట్టను ఏ మూలకు జరిపినా ఆ మూలకే ఒక చుక్క వెతుక్కుంట వస్తది.

ఫ్యాన్‌నన్న మర్సిపోవచ్చు. బ్యాంకును మర్సుడు బాలమణి తరం గాలే.

గల్లీ మొగదల, మందుల దుకాణం పక్కన ఒక్క గదిల చిన్న బ్యాంకుండేది. అందుల సిద్ధరాములు అని మనోడే క్లర్కు. వాళ్ళమ్మ గూడ బీడీలు చేసే పెంచింది ఆయనను. చేతుల తంబాకు వాసనతో పోయినా, కొంగున ముడేసిన చిల్లర పోసినా మొహం మాడ్చకపోయేది. ఖాతా తెరవాలంటే ఒక్కటే షరతు. అప్పటికే ఖాతా ఉన్నోళ్ళు ఎవరన్న "ఈమెను నేనెరుగుదును" అని సంతకం పెట్టాలె. బాలమణి ఒకనాడు పోయింది. గప్పుడే చంద్రభాగ అక్కడ నిలబడ్డది, చేతుల పాస్‌బుక్కు పట్టుకొని.

"మంచిగైంది బాలమణక్కా," అన్నడు సిద్ధరాములు. "ఈ చెల్లె సంతకం పెడతది, నువ్వు వేలుముద్ర వెయ్యి. అయిపోయె."

బాలమణి చంద్రభాగను కింది నుంచి మీది దాక చూసింది. "నన్ను ఇది ఎరుగుదునని రాయాల్నా? నేను పుట్టినప్పుడు మంత్రసాని ఉన్నది, మా మేనత్త ఉన్నది. నడుమ ఇదెవరు సాక్ష్యం చెప్పను?"

"పోనీ తియ్యే," అన్నది చంద్రభాగ. "నాకేం ఆపతి? నీకే."

బాలమణి చీర దులుపుకొని వచ్చేసింది. ఆ రోజంతా గెలిచినట్టే ఉండె. గెలిచినోళ్ళు ఎప్పుడు తెలుసుకుంటరు, ఓడిపోయిందేందో!

తర్వాత ఏడాదికి బ్యాంకుకు తాళం పడ్డది. నష్టమొస్తున్నదట. గల్లీ ఆడోళ్ళు తెచ్చే చిల్లర లెక్కపెట్టి పెట్టి చేతులు పోతున్నయట. స్టేషన్ దిక్కు పెద్ద బ్రాంచిల కలిపేసినమని కాగితం అతికిచ్చిండ్రు. పోవాలంటే రెండు సిటీ బస్సులు మారాలె, ఒక రోజు బీడీలు పోవాలె. సరిగ్గా ఆ ఏడే బీడీ సేటు దీవాళి బోనస్ చేతికిచ్చుడు బందు పెట్టిండు. "నగదు పట్టుకొని తిరుగుడు ఖతర్నాక్. చెక్కు అయితే సాఫు" అన్నడు. ఎవరికి సాఫు? చెక్కు మూలకు రెండు గీతలు కొట్టి ఇస్తరు. ఆ గీతలున్న చెక్కు బ్యాంకు కిటికీల పెడితే పైసలు రావు, ఖాతాలనే పడాలె. చేతికందే ఖాతాలు ఎవరికున్నయి? మొగోళ్ళకు. లూము సేట్లు వాళ్ళతోని ఎప్పుడో తెరిపిచ్చిండ్రు. చుట్టేది ఆడిది, దగ్గేది ఆడిది, చెక్కు పోయి పడేది మొగోని ఖాతాల. ఇదీ సాఫు అంటే.

మొదటిసారి బాలమణి చెక్కు మొగుడు సాయిలు ఖాతాల పడ్డది. "రేపు తెస్త" అన్నడు. ఆ రేపు మట్కా అడ్డా మీదుగ వచ్చింది. సాయిలు ఇంటికి తెచ్చింది ఒక డజను అరటిపండ్లు. అందులగూడ రెండు నల్లబడ్డయి.

అందుకే ఈసారి చెక్కును పసుపు డబ్బాల పెట్టి, పైన పసుపు పోసింది. "ఈ యేడు సేటు ఇంక ఇయ్యలే" అని సాయిలుకు చెప్పింది. ఆ పైసలతోని రేకులు మార్చాలె, వానలకు ముందే. కానీ కార్ఖానాల ఎవరో అన్నరు, చెక్కు ఆరు నెల్లే బతుకుతదట, తర్వాత ఉత్త కాగితమేనట. దీవాళి పోయి ఎండకాలం వచ్చింది. డబ్బా మూత తీసినప్పుడల్లా బాలమణికి చెక్కు ఆఖరి ఊపిరి తీస్తున్నట్టే అనిపించేది.

ఇగ తప్పలే. ఒకనాడు పొద్దుగాల చంద్రభాగ గడప ముంగట నిలబడ్డది.

"ఏందే బాలీ, పొద్దు పడమట పొడిసిందా?"

"ఎక్కిరింపులు తర్వాత. బ్యాంకుకు పోవాలె. నన్నెరుగుదునని సంతకం పెడతవా, పెట్టవా?"

చంద్రభాగ చేతిల ఆకు ఆగింది. "నేనెట్ల పెట్టాలెనమ్మా? నీకు మంత్రసాని ఉన్నది, మేనత్త ఉన్నది..."

"ఉన్నరు. ఇద్దరూ సచ్చిండ్రు. వస్తవా?"

బాలమణి ఇంకా పది మాటలకు సిద్ధపడి వచ్చింది. చంద్రభాగ మాత్రం నవ్వు ఆపి, అటు దిక్కు చూసి, "ఎల్లుండి పోదాం తియ్యి" అన్నది. గొప్పలు పోతున్నదనుకున్నది బాలమణి. చెప్పిన ఎల్లుండికి చంద్రభాగ జరీ అంచు చీర కట్టి, పాస్‌బుక్కు అందరికీ కనబడేటట్టు పట్టుకొని వచ్చింది. బస్సుల పొడుగూతా దాన్ని ఒళ్ళో నుంచి దించలే. ఆ బుక్కును కిటికీల నుంచి బయటికి ఇసిరేస్తే ఎట్లుంటదో బాలమణి రెండుసార్లు అనుకున్నది.

పెద్ద బ్యాంకుల చల్లగున్నది, ఫ్యాన్లు తిరుగుతున్నయి. కండ్లద్దాల ఆఫీసరు చంద్రభాగ పాస్‌బుక్కు అటు తిప్పిండు, ఇటు తిప్పిండు, లోపలికి పోయి వచ్చిండు.

"బాయి, ఈ ఖాతా నిద్రపోయింది," అన్నడు సగం మరాఠీల, సగం హిందీల. "బ్రాంచి మారినంక ఒక్కసారన్న రాలే నువ్వు. మళ్ల లేపాలంటే ఈ బ్రాంచిల ఖాతా ఉన్నోళ్ళు నిన్ను ఎరుగుదుమని సంతకం పెట్టాలె. ఓళఖ్ కోణ్ దేణార్? నువ్వు ఎరుకని ఎవరు చెప్తరు?"

"సిద్ధరాములు సారుకు నేను ఎరుకే సాబ్."

"ఆయన బదిలీ మీద పోయిండు."

"మా గల్లీల అందరికీ ఎరుకే!"

"అయితే గల్లీని తీస్కరా," అని ఆఫీసరు నవ్వి, పాస్‌బుక్కు వాపస్ జరిపిండు.

బాలమణి పెదవులు బిగబట్టింది. ఆగలే. ముందు ముక్కుల నుంచి, తర్వాత నోటి నుంచి, ఆఖరికి కడుపుల నుంచి నవ్వు తన్నుకొచ్చింది. నన్నెరుగుదునని సాక్ష్యం చెప్ప వచ్చినదాన్ని ఇక్కడ కుక్క గూడ ఎరుగదు! అన్నేండ్ల మంట మీద ఎవరో బిందెడు నీళ్ళు గుమ్మరిచ్చినట్టైంది. తన చెక్కు గూడ ఆ సంతకంతోనే పోయిందని బాలమణికి మెట్లు దిగినంక యాదికొచ్చింది.

"నవ్వు. బాగ నవ్వు," అన్నది చంద్రభాగ బస్ స్టాప్ కాడ. దాని కండ్లు ఎర్రగైనయి. "నీ రేకులు గూడ మునిగినయిగదా నాతోని."

"ఒక్కసారన్న పోలేదా నువ్వు? మరి పోయినేటి బోనస్?"

"రాజారాం ఖాతాలనే."

"నీ మొగడు మంచోడు. మట్కా ఆడడు. ఫ్యాన్ తెచ్చిండు."

"నన్నడిగి తెచ్చిండా? బీడీలు చేసేదానికి ఫ్యానెందుకయ్యా అంటే, నలుగురొస్తే కనబడాలె అన్నడు. పన్ను పీకించుకోను పైసలడిగితే, మొన్న ఇచ్చినయి ఏంజేసినవని లెక్కడిగిండు. నా పైసలకు నన్నే లెక్కడిగిండే బాలీ! సగం నోటితోని నములుతున్న ఏడాది సంది."

బాలమణి దాని దవడ దిక్కు చూసింది. నిజమే, ఉబ్బి ఉన్నది. రోజూ పక్కనే కూసున్నా కనబడలే. ఇన్నేండ్లు దాని చేతులు చూసింది, ఫ్యాను చూసింది, పాస్‌బుక్కు చూసింది. మొహం చూడలే.

"మరి ఆ పాస్‌బుక్కు పట్టుకొని వాడకట్టంత తిరుగుడెందుకే?"

"నువ్వు చూడాలెనని," అన్నది చంద్రభాగ. "నువ్వట్ల మండుతుంటే, నాకూ ఏదో ఒకటి ఉన్నదని నమ్మబుద్ధయ్యేది."

జాలి పడాల్సిన చోట బాలమణికి ఒళ్ళంత భగ్గుమన్నది. "నీ పాడుగాను! ఇన్నేండ్లు ఉత్తదానికి కుళ్ళిన గదనే! ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

బస్సుల ఇద్దరూ వేరే వేరే సీట్లల్ల కూసున్నరు.

శనివారం వచ్చింది. కార్ఖానాల ఆడోళ్ళు వరుసగ నిలబడ్డరు. బాలమణి కట్టలు విప్పి చారెడు పారేసుడు అయిపోయింది. గంప సర్దుకుంట చూస్తే, చంద్రభాగ వంతు వచ్చినా ముందుకు పోకుండ పక్కకు జరిగి, అంబాదాస్ చెవుల గుసగుస పెడుతున్నది. బాలమణి చెవులు ఇట్లాంటి వాటికి శానా పదును.

"అంబాదాస్ భావ్, ఈసారి మొగనికి ఇయ్యకుండ దాచిన. ఈ చెక్కు నువ్వే పెట్టుకొని నాకు నగదు ఇప్పియ్యి. నీ కాళ్ళు మొక్కుత."

"ఆఖరుకు ఆగు," అన్నడు మునీము లోగొంతుకల. "నీకొక్కదానికే. నోరు తెరిస్తే అదీ లేదు."

నీకొక్కదానికే! బాలమణి చేతిల గంప కింద పడ్డది. ఇంత మట్టుకు తాను పోగొట్టుకున్నది రేకులు. ఇప్పుడు మండింది రేకుల కోసం కాదు. ఇదొక్కదానికే ఎట్ల ఇస్తడు?

"ఏమయ్యా మునీమూ!" గొంతు గేటు దాక పోయింది. "దానికి నగదిస్తవా? మాకు గీతలు కొట్టిన కాయిదమా? దాని బీడీలకేమన్న వెండి దారం కట్టిందా?"

చంద్రభాగ గిర్రున తిరిగింది. "ఓసి దొంగముండా, నా నోటికాడిది పడగొట్టినవ్ గదనే!"

"పడగొడత! నాకు లేనిది నీకెందుకుంటది?"

ఇద్దరూ కొప్పులు పట్టుకునేటోళ్ళే. కానీ వరుసల ఉన్న ముసలి పార్వతీబాయి ఒక్క మాటన్నది. "ఆగుండ్రే. అంటే నగదియ్య రాదని సేటు చెప్పింది అబద్ధమేనా? నా చెక్కు నా కొడుకు మింగిండు గదనే."

"నాది సందుగ పెట్టెల ఉండుండి సచ్చింది," అన్నది యల్లమ్మ.

"నా మొగడు సైకిల్ కొనుక్కున్నడు," అన్నది ఇంకొకతె.

ఒక్కొక్కతె చెప్పవట్టింది. ఇన్నేండ్లు పక్కపక్కన కూసొని అందరూ ఒకరికొకరు దాచిన ముచ్చట అది. నా ఇంట్లనే ఇట్ల, పక్కింట్ల బాగనే ఉన్నదని ప్రతిదీ కుళ్ళింది. సేట్లకు ఇంతకంటే మంచి కావలి జవాను ఎక్కడ దొరుకుతడు? జీతం పగారు లేకుండ పని చేస్తది ఆ కుళ్ళు.

ఆ పూట బల్ల మీద మాలు దిగలే. ఎవరి గంపలు వాళ్ళు ముంగట పెట్టుకొని గేటుకు అడ్డం కూసున్నరు. బీడీలు ఎత్తుకపోను వచ్చిన లారీ ఉత్తగ నిలబడ్డది. సేటు వచ్చి, "కాలం మారింది, రేపటి రోజు అంతా బ్యాంకుల మీదనే నడుస్తది" అని బోధ చేసిండు.

"నడవనియ్యి," అన్నది బాలమణి. "మూసిన బ్యాంకు మా గల్లీల తెరిపిచ్చి, మా పేర ఖాతాలు తెరిపిచ్చి, అప్పుడియ్యి చెక్కు. అందాక మా పైసలు మా చేతులనే పెట్టు."

సాయిలు గేటు కాడికి ఉరికొచ్చిండు. "చెక్కు దాచినవానే?" అని మీది మీదికొచ్చిండు. "ఔ, దాచిన. అరటిపండ్లు తిని మొకం మొత్తింది" అన్నది. ఆడోళ్ళు గొల్లుమన్నరు. సాయిలు నిలబడ్డ చోట నిలబడలేక తంబాకు బస్తాల దిక్కు పోయిండు.

మర్నాడు లారీ ఉత్తదే పోయింది. ఆ మర్నాడు పొద్దెక్కినంక అంబాదాస్ నగదు పెట్టె మోసుకొచ్చి బల్ల మీద పెట్టిండు. ఇంక బతికున్న చెక్కులు వాపస్ తీస్కొని పైసలిస్తరట. సచ్చిన చెక్కుల సంగతి, మింగిన చెక్కుల సంగతి సేటు తర్వాత చూస్తడట. ఆ 'తర్వాత' ఎప్పుడో తేలాలని పార్వతీబాయి, యల్లమ్మ లేవకుండ గేటు కాడనే కూసున్నరు. వాళ్ళతోని మిగతా వాళ్ళూ కూసున్నరు.

"చంద్రభాగాబాయి, ముందు నువ్వు రా," అన్నడు మునీము అలవాటు కొద్ది.

బాలమణి అప్పటికే బల్ల కాడున్నది. పసుపు అంటిన చెక్కును అరచేత్తోని బల్లకు అదిమి పట్టింది. "ముందు నాది."

అందరూ చంద్రభాగ దిక్కు చూసిండ్రు. అది ఉబ్బిన దవడ మీద చెయ్యి పెట్టుకొని, అరవంకర నవ్వు నవ్వింది.

"దానిదే ముందియ్యి భావ్. లేకుంటే రాత్రంత నిద్రపోదు పాపం, గోడ అవతల నాకు గూడ నిద్రుండదు."

ఆడోళ్ళందరూ నవ్విండ్రు. "ఎంత మంచిదే చంద్రభాగ" అన్నది పార్వతీబాయి.

నోట్లు బాలమణి చేతుల పడ్డయి. తడిమి చూసి, కొంగున ముడేసింది. రేకులొస్తయి, వానకు ఇగ గిన్నెలు నేల మీదికి దిగయి. అయినా లోపల మళ్ల చుర్రుమన్నది, ఎప్పటి చోటనే.

పెద్దమనసు గూడ దానికే ఉండాల్నా?