కాయలు కాసిన చేతులు

మా ఆయన బసవలింగం తెనాలిలో ఒక పాటల ఆర్కెస్ట్రాలో కాంగోలు వాయించేవాడు. కాంగో అంటే నడుమెత్తు ఉండే పీపాలాంటి డ్రమ్ము. పైన గేదె తోలు, అడుగున ఖాళీ. పుల్లలతో కాదు, ఉత్త చేతులతో కొట్టాలి. మిగతా ఆర్కెస్ట్రాల వాళ్ళ దగ్గర చెక్కవి ఉండేవి. మా ఇంట్లో ఉన్న నాలుగూ ఫైబరువి, పరదేశంలో తయారైనవి, మా పెళ్ళికంటే పాతవి. ఒక జత మద్రాసులో చూపు పోయిన ముసలాయన ఒకాయన ఇచ్చాడు. ఒకటి మూతబడిన క్లబ్బు గోదాములో దొరికింది. దాన్ని బోర్లా పడేసి ఉంచితే లోపల కోడిపెట్ట పొదుగుతోందట. నాలుగోది ఎర్రది, అన్నిటికంటే పాతది. దానికోసం ఆయన బొంబాయి దాకా రైల్లో నిలబడి వెళ్ళి, వచ్చేటప్పుడు దాన్ని సీట్లో కూర్చోబెట్టి తను నిలబడే వచ్చాడు.

"చెక్క మన గాలికి ఉబ్బుద్ది రత్నం. బీటలిస్తది. ఫైబరు గొంతు మారదు," అనేవాడు.

ప్రోగ్రాం నుంచి రాగానే అన్నం కూడా తినకుండా స్పానరు పట్టుకుని కూర్చునేవాడు. బిగించిన తోలును అలాగే వదిలేస్తే రాత్రి తేమకు లాగి లాగి పీపా వంకరపోతుందని, ఒక నట్టు తర్వాత దానికి ఎదురుగా ఉన్న నట్టు చొప్పున కొంచెం కొంచెం వదులు చేసేవాడు. నట్లకు కుట్టుమిషను నూనె. పీపాకు ముందు తడిబట్ట, తర్వాత పొడిబట్ట. ఆ తుడిచే పని నాది.

"నాకు జ్వరమొస్తే ఇంత సేవ చేయరు మీరు," అన్నానొకసారి.

"నీకు నట్లు లేవు గదే!" అన్నాడు.

మా ఇద్దరి సొంతూరూ పేరాలే. ఇద్దరివీ మగ్గాల ఇళ్ళే. మగ్గం వదిలేసి డప్పులు కొట్టుకుంటున్నాడని మా మామగారు చనిపోయేదాకా ఆయనతో మాట్లాడలేదు. అందుకని ఆయనకు కాంగోలు తప్ప వెనక్కి పోవటానికి ఇంకో చోటు లేదు.

కాంగో నేర్చుకునేవాళ్ళకు మొదట్లో చేతులు వాచిపోతాయి. వేళ్ళ చివర్లు చిట్లుతాయి. రాను రాను కాయలు కాసి నొప్పి తగ్గుతుంది. చేతులు కాయలు కాస్తేనే మనిషి వాయించేవాడైనట్టు వాళ్ళలో ఒక లెక్క. అందుకే మా ఆయన చేతులకు నొప్పి తెలియటం మానేస్తే మేమంతా సంతోషించాం.

ఆర్కెస్ట్రా నడిపే చంద్రశేఖరం మాస్టారు హార్మోనియం వాయించేవారు. ఎక్కడికి వెళ్ళినా టీకొట్టు దగ్గర మా ఆయన్ని ముందుకు తోసేవారు.

"ఒరేయ్ లింగం, చూపించరా వీళ్ళకి!"

మా ఆయన ఎవరి చేతిలోనో వెలుగుతున్న బీడీ తీసుకుని తన చిటికెన వేలి కింద, అరచేతి అంచున అదిమేవాడు.

"కాలట్లేదా?" అని జనం అడిగేవాళ్ళు.

"దోమ కుట్టినట్టు కూడా లేదండి."

"చేతులు కాదయ్యా ఇవి, అట్లకాడలు!" అని మాస్టారు పెద్దగా నవ్వేవారు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు.

నేనూ తక్కువ గర్వపడలేదు. పొయ్యి మీది అన్నం తపేలా మసిగుడ్డ లేకుండా దించేస్తాడని ఇరుగుపొరుగుకు చెప్పుకునేదాన్ని. చిటికెన వేలు లోపలికి వంగుతుంటే, కాంగో వాయించేవాళ్ళ వేళ్ళు అలాగే ఉంటాయి కాబోలనుకున్నాను. ఆయనా అలాగే అనుకున్నాడు. రెండేళ్ళు అలా అనుకున్నాం.

ఒక వినాయకచవితి ప్రోగ్రాం నుంచి వస్తూ వ్యాను గోతిలో పడి ఎర్ర కాంగో అంచు చిట్లింది. తోలు కూర్చునే అంచు అది. మా ఆయన రెండు రోజులు ముద్ద ముట్టలేదు. రేపల్లె అవతల రేవులో కొత్తగా ఫైబరు పడవలు వచ్చాయని, మత్తయి అనే అతను వాటికి మాట్లు వేస్తాడని ఎవరో చెప్పారు. కాంగోను దుప్పట్లో చుట్టి ఇద్దరం రేపల్లె రైలెక్కాం.

మత్తయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లో ఎక్కి చేపలు పడతారా అన్నా?" అన్నాడు.

"పడితే జనాన్ని పడతాం తమ్ముడూ. వలకి మాటేసి పెట్టు," అన్నాడు మా ఆయన.

మత్తయి గాజు పీచుతో చేసిన గుడ్డలాంటిది కత్తిరించి, చిట్లిన చోట పరిచి, జిగురు పూశాడు. అది ఎండలో ఆరేదాకా కూర్చున్నాం. తర్వాత గరుకు కాగితం పెట్టి రుద్దాడు. రుద్దేటప్పుడు చేతులకు గుడ్డలు చుట్టుకున్నాడు.

"ఇంక ముట్టుకోబాకండన్నా. దీని నూగు కంటికి ఆనదు గానీ ఒంట్లో దిగితే నాగజెముడు ముల్లే. రంగేసిందాకా ఉత్తచేత్తో తాకొద్దు."

ఆ మాట అంటుండగానే మా ఆయన అంచు చుట్టూ అరచేయి వేసి రాస్తున్నాడు. నునుపు సరిపోయిందో లేదో చూసుకుంటున్నాడు. ఒకసారి కాదు, చుట్టూ తిప్పి తిప్పి రాశాడు.

మత్తయి ముఖం చిట్లించాడు. "అమ్మో! మంట పుట్టట్లేదా?"

"కాయలు కాసిన చేతులు తమ్ముడూ."

మత్తయి నవ్వలేదు. నా వైపు ఒకసారి చూసి జిగురు డబ్బాకు మూత పెట్టుకున్నాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాం. ఎండ ఏటవాలుగా ఆయన చేతి మీద పడితే అరచేయంతా గాజు నూగు మెరుస్తోంది. చేయి నా ఒళ్ళో పెట్టుకుని పిన్నీసుతో ఒక్కొక్కటే తీయటం మొదలుపెట్టాను. ఆయన చేతిని తాకినందుకే నా వేళ్ళు మండుతున్నాయి. ఆయన మాత్రం ఎర్ర కాంగోకు ఏ రంగు వేయించాలో చెబుతున్నాడు. చిటికెన వేలి కింద ఒక ముల్లు లోతుగా దిగి ఉంది. పిన్నీసు గుచ్చి లాగాను. రక్తం వచ్చింది. ఆయన మాట ఆగలేదు.

ఇంకోసారి గుచ్చాను, ముల్లు లేని చోట. ఆయన కిటికీలోంచి చూస్తూ, "మళ్ళీ ఎరుపే వేయిద్దాం," అన్నాడు.

పేరాలలో మా పక్కింటి మగ్గం మీద ఒకాయన నేసేవాడు. తెగిన పోగు వేలికి తగలక వదిలేస్తున్నాడని మొదట తిట్టారు. తర్వాత చెవి తమ్మెలు దళసరెక్కాయి. ఆ తర్వాత అతన్ని మగ్గం మీంచి లేపేశారు. ఆ ఇంటి నీళ్ళు ఎవరూ తాగలేదు.

"ఏవండీ, నేను పిన్నీసు గుచ్చాను, తెలిసిందా?" అన్నాను.

"ఎప్పుడు?" అన్నాడు. అప్పుడు చేయి చూసుకున్నాడు.

తెనాలిలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడ విజయమ్మగారని డాక్టరమ్మ ఉండేది. కళ్ళు మూసుకోమని దూదితో ఒకచోట, సూదితో ఒకచోట తాకి, "ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించు," అంది. ఆయన తప్పు చోట్లే చూపించాడు. కొన్నిచోట్ల తాకిన సంగతే తెలియలేదు.

"పెద్దరోగమా అండీ?" అనడిగాను.

"అవునమ్మా, కుష్టే. భయపడకండి, మందులున్నాయి, పూర్తిగా తగ్గుద్ది. మందు మొదలెడితే ఇంకొకళ్ళకి అంటదు కూడా. కానీ చచ్చిపోయిన నరం లేచి రాదు. రెండేళ్ళు ముందు రావాల్సింది. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

చప్పట్లు కొట్టాం అని ఎలా చెప్పను?

"డాక్టరుగారూ, వాయించొచ్చా?" అన్నాడు మా ఆయన. ఆయన అడిగింది అదొక్కటే.

ఆవిడ ఆయన చేతులు తిప్పి చూసింది. "తెగినా, కాలినా నీకు తెలీదు. తెలియకుండా వాయిస్తే పుండు ఎముక దాకా పోద్ది," అని నా వైపు తిరిగింది. "ఇతనికి నొప్పి లేదు. నువ్వే అతని నొప్పివి అనుకో. రోజూ చేతులు చూడు. ఎర్రబడితే ఆపెయ్యమను. నీ మాట మీద ఆగేట్టయితేనే వాయించనీ."

"ఆగుతానండి," అన్నాడు మా ఆయన.

నాకు అప్పటికి చదువు రాదు కాబట్టి మాత్రలు రంగులను బట్టి ఇచ్చేదాన్ని. ఆ మందుకు ఒళ్ళు నల్లబడింది, ముఖం రాగిచెంబు మసి పట్టినట్టయింది. దాంతో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. వ్యానులో ఆయన పక్కన కూర్చోవటం మానేశారు. తర్వాత రెండు ప్రోగ్రాములు మాకు కబురు లేకుండానే జరిగిపోయాయి.

ఒకరోజు మాస్టారు వచ్చారు. అరుగు మీద నిలబడే మాట్లాడారు.

"కూర్చోండి అన్నయ్యగారూ, మంచినీళ్ళు తెస్తాను," అన్నాను.

"వద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చా," అని మా ఆయనతో, "బాపట్లలో కాలేజీ వాళ్ళ ఫంక్షను ఒప్పుకున్నానురా లింగం. కాంగోకి మనిషి దొరకలా. వస్తావా?" అన్నారు.

"మీరు రమ్మంటే ఎప్పుడు రాలేదు మాస్టారూ?"

"అది కాదురా." ఆయన నేల చూశారు. "మనవాళ్ళు భయపడి చస్తన్నారు. నువ్వు చేతులకేమీ కాకుండా శుభ్రంగా వాయించి దిగావనుకో, వాళ్ళ నోళ్ళు నేను మూయిస్తా. ఏదన్నా అయిందనుకో... ఇంక నా వల్ల కాదు."

అలా అంతా ఆ ఒక్క సాయంత్రం మీదికి వచ్చింది. వారం రోజులు ఆయన చేతులు నీళ్ళలో నానబెట్టి, కొబ్బరినూనె రాసి, వంగిన వేళ్ళు సాగదీశాను. ఇద్దరం ఒక మాట అనుకున్నాం. నేను ముందు కూర్చుంటాను. చేతికి ఏదైనా అయితే లేచి నిలబడతాను. నేను నిలబడితే ఆయన ఆ పాటతో ఆపేసి, కడుపునొప్పని చెప్పి లోపలికి వెళ్ళిపోవాలి. డ్రమ్ములాయన ఎలాగో లాక్కొస్తాడు.

బాపట్లలో ఎండ ఉండగానే మొదలుపెట్టారు. కాలేజీ ఆవరణలో షామియానా వేశారు. నేను రెండో వరసలో చివర కూర్చున్నాను. మొదటి పాటకు ఆయన భయపడుతూ వాయించాడు. రెండో పాటకు భుజాలు వదులయ్యాయి. మూడో పాటకు కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఎర్ర కాంగో గొంతు ఆ మైకుల హోరులో కూడా విడిగా, గట్టిగా, మనిషి పిలిచినట్టు వినపడింది. మాస్టారు హార్మోనియం మీంచి తలెత్తి ఆయన వైపు చూసి నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

ఐదో పాట మధ్యలో తోలు మీద ఎర్రటి మరక కనపడింది. వంగిన చిటికెన వేలు దెబ్బ దెబ్బకూ అంచున ఉన్న ఇనుప చక్రానికి తగులుతోంది. చూస్తుండగానే మరక అరచేయంత అయింది.

నేను లేచి నిలబడ్డాను.

"కూర్చోమ్మా!" అన్నారు వెనకనుంచి.

"ఓ పిన్నిగారూ, మీరేం గాజు కాదు, అవతలకి కనపట్టానికి!"

"డాన్సు చేస్తదేమోరా, ఉండండి!" అని ఒకడు. నవ్వులు.

నేను కూర్చోలేదు. ఆయన తలెత్తాడు. నన్ను చూశాడు. కళ్ళు కళ్ళు కలిశాయి. ఆ తర్వాత తన చేతి వైపు చూసుకున్నాడు. పాట అయిపోయింది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. మాస్టారు తర్వాతి పాట ఎత్తుకున్నారు. ఆయన నా వైపున్న ముఖాన్ని మెల్లగా అవతలికి, వయొలిన్ వాయించే అతని వైపుకు తిప్పుకుని చేతులు ఎత్తాడు.

అంతకుముందు ఎప్పుడూ ఆయన అలా వాయించగా నేను వినలేదు. ఎవరో నా భుజం పట్టి కూర్చోబెట్టారు. మళ్ళీ లేచాను. మళ్ళీ కూర్చోబెట్టారు. ఇంకో మూడు పాటలు వాయించాడు. జనం చప్పట్లు ఆగలేదు.

తెర వేశాక అందరూ ఆ తోలు చూశారు. రెండడుగులు వెనక్కి వేశారు. మాస్టారు కండువాతో ముఖం తుడుచుకుని, "లింగం, మీరిద్దరూ రైల్లో వెళ్ళండిరా," అన్నారు.

ఎన్ని కట్లు కట్టినా పుండు ఆగలేదు. వారం తిరిగేసరికి చేయి మోచేతి దాకా వాచింది. ఆస్పత్రిలో చిటికెన వేలు, ఉంగరం వేలు తీసేశారు.

మర్నాడు విజయమ్మగారు కట్టు విప్పి చూస్తూ ఆయన్ని ఏమీ అనలేదు. నన్ను అంది.

"నీకు అంత చెప్పాను కదమ్మా? కళ్ళెదురుగా రక్తం కారుతుంటే ఏం చేస్తున్నావు? ఇంత మొద్దు రాచ్చిప్పవేంటి?"

మా ఆయన పెదవులు కదిలాయి. నేను లేచి నిలబడటం తను చూశానని చెప్పబోతున్నాడు. చెబితే ఆవిడ ఇంకెప్పుడూ ఆయన మాట నమ్మదు. మిగిలిన వేళ్ళతో ఆయన ఏం చేయాలన్నా ఇక ఆవిడ సరే అనాలి.

"కనపడలేదండి," అన్నాను. "దూరంగా కూర్చున్నాను."

"ఎంత దూరం?"

"చాలా దూరమండి."

ఆయన దిండు మీద తల అటు తిప్పేసుకున్నాడు. డాక్టరమ్మ కొత్త కట్టు కట్టటం ముగించి, చేతులు కడుక్కుని, వెళ్ళేముందు కింద కళ్ళ డాక్టరు ఉంటాడు, చూపించుకోమని నాకు చెప్పింది. సరేనండి అన్నాను.