ఎర్ర జెండాల అవతల

దగ్గరికి జరుగు తల్లీ, ఇలా నా మోకాలి పక్కన కూర్చో. ఇది గట్టిగా చెప్పుకునే కథ కాదు.

సముద్రం ఒడ్డున, పడవల రేవు దగ్గర, వలలు బాగుచేసి బతికే వదినా మరదళ్ళు ఇద్దరుండేవారు. మరదలి నోరు మూతపడదు కాబట్టి రేవంతా ఆమెను వసపిట్ట అనేది. వదినేమో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి. ఒకే ఇల్లు, ఒకే వల, చెరో కొస.

ఇంటి వెనకే మిలిటరీ గోడ. ఆ గోడ లోపల ఒకప్పుడు తుపాకులు పేల్చడం నేర్పేవారు. పేల్చే రోజున ఎర్ర జెండాలు లేచేవి, మైకులో ఒక గొంతు "దూరం, దూరం" అని అరిచేది. జెండా లేచిందంటే చంటిబిడ్డ అవతల ఉన్నా తల్లి ఇవతల ఆగాల్సిందే. వసపిట్ట వాళ్ళన్న, అంటే వదిన మొగుడు, ఒక్కడే ఆగలేదు. అలకు కొట్టుకుపోయిన కొత్త వల జెండాల అవతల ఇసుకలో చిక్కుకుంటే, "ఇలా వెళ్ళి అలా తెచ్చేస్తా" అని వెళ్ళాడు. పెళ్ళాం, చెల్లెలు చూస్తుండగానే తూటా తగిలి కూలిపోయాడు. ఆనాటినుంచి రేవులో పుట్టిన ప్రతి బిడ్డకీ నడకతోపాటే ఆ భయమూ నేర్పారు.

ఏళ్ళు గడిచాయి, మిలిటరీ వెళ్ళిపోయింది. ఆ నేలమీద హోటళ్ళు, షికారు బాట కడతామని ఒక కంపెనీ దిగింది. వాళ్ళ పటంలో రేవు లేదు. పడవలు ఒడ్డుకు లాగే చోట పూలమొక్కలున్నాయి. రేవు పోతే పడవ లేదు, పడవ లేకపోతే వల లేదు, ఇక పొయ్యిలో పిల్లి లేవదు. ప్రజాభిప్రాయ సేకరణ ఉందని చాటించారు. గోడ లోపలే టెంటు వేస్తారట, ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చట, అక్కడ చెప్పిందే లెక్కట.

"నోరున్నది నీకే. మా అందరి తరఫునా నువ్వే చెప్పాలి," అన్నారు రేవువాళ్ళు.

"చెప్పనా మరి! ఆ ఆఫీసరుకు చెవుల్లో తుప్పు వదిలేలా చెప్తాను."

"మొదలెట్టడానికి నువ్వున్నావు. ఆపడానికి ఎవర్ని తీసుకెళ్ళాలే?" అంది వదిన.

"నువ్వు రా వదినా. నీ మొహం చూస్తే ఎవరి మాటైనా ఆగిపోతుంది."

ఆ పొద్దున రేవంతా కదిలింది. గేటు దాటి మలుపు తిరిగేసరికి దూరంగా టెంటు కనిపించింది. టెంటుకూ వీళ్ళకూ మధ్య వరసగా ఎర్ర జెండాలు. కొత్త కట్టడాలు ఎక్కడిదాకా వస్తాయో చూపడానికి సర్వేవాళ్ళు పాతినవి. ఆ సంగతి అందరికీ తెలుసు. పాతుతుంటే చూసినవాళ్ళూ ఉన్నారు. అయినా ముందున్నవాడు ఆగాడు, వెనకున్నవాడు ఆగాడు. వసపిట్ట కాళ్ళు ఎవరో మేకులు కొట్టినట్టు నిలిచిపోయాయి.

"గుడ్డపేలికలే అవి. నడువు," అంది వదిన.

"నడుస్తున్నా వదినా."

"ఏదీ, నడిచేది? అక్కడ తుపాకులు లేవే. కుర్చీలున్నాయి."

"నాకు తెలుసు వదినా. ఈ పాడు కాళ్ళకే తెలియట్లేదు."

వదిన ఆమె చెయ్యి వదిలేసి, జెండాల మధ్యనుంచి ఒక్కతే నడిచిపోయింది. "అమ్మా, వద్దు!" అని వెనకనుంచి ఒక ముసలాయన కేక పెట్టాడు. ఆమె తిరిగి చూడలేదు.

అక్కడ మాట్లాడేదంతా మైకులో వీళ్ళకు వినబడుతూనే ఉంది.

"చెప్పండమ్మా," అన్నాడు ఆఫీసరు.

"మా మాట చెప్పే మనిషి బయట ఉందయ్యా. కాస్త ఆగండి."

"ఉంటే లోపలికి రాదేం?"

ఎందుకు రాలేదో చెప్పాలంటే వదిన తన మొగుడి చావు దగ్గర మొదలుపెట్టాలి. ఇంట్లో కూడా ఆమె ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

ఆఫీసరు పాపం సాయం చేద్దామనే అనుకున్నాడు. మైకు అందుకుని, "బయట ఉన్నవాళ్ళు లోపలికి రండి!" అన్నాడు. ఆ గొంతు గోడకు తగిలి ఒడ్డంతా మోగింది. ఎదురుగా జెండాలు, చెవుల్లో మైకు. జనం గభాల్న వెనక్కి తగ్గారు, పిల్లల్ని పొట్టలకు అదుముకున్నారు. ఆయన ఇంకా గట్టిగా పిలిచాడు. వీళ్ళు ఇంకా వెనక్కి తగ్గారు. వసపిట్టా తగ్గింది. "రేవు తీసుకోకండయ్యా!" అని అక్కడినుంచే అరిచింది కానీ, అలల హోరులో అది పక్కవాడికే వినబడలేదు.

"ఊరికే చూసిపోదామని వచ్చినట్టున్నారు సార్," అన్నాడు ఆఫీసరు పక్కన కూర్చుని రాసుకునేవాడు. ఆ మాటా మైకులో వినబడింది.

చివరికి వదిన, "మేం బతికేది ఆ రేవుమీదేనయ్యా," అని ఒక్క ముక్క అంది.

"రాసుకుంటామమ్మా," అన్నారు.

వానలు మొదలవకముందే రేవుకు కంచె పడింది. కాదన్నది ఒక్కరే, మిగతా అందరికీ సమ్మతమే అని తేల్చేశారు. పడవలు ఎవరి దారిన వాళ్ళు అమ్ముకున్నారు. వదినా మరదళ్ళు ఎక్కడో లోపలి వీధిలో ఇరుకు గదికి మారారు.

"తిట్టు వదినా. నోరారా తిట్టు," అని వసపిట్ట బతిమాలింది.

"నిన్నేమని తిట్టనే? లోపలికెళ్ళి నేను మాత్రం ఏం పొడిచాను?"

ఇప్పుడక్కడ షికారుకెళ్ళేవాళ్ళు, ఊరంతా ఒప్పుకున్నాకే ఇవన్నీ కట్టారని చెప్పుకుంటారు. నీ దగ్గర ఎవరైనా ఆ మాటంటే ఊరుకోకు తల్లీ. వాళ్ళు ఒప్పుకోలేదు, భయపడ్డారు అని చెప్పు. విన్నవాళ్ళను ఇంకొకరికి చెప్పమను. నేను ఉన్నా లేకపోయినా, నువ్వు మాత్రం మరిచిపోకు.