మునిగిన నీలతారలు

భాద్రపదమాసపు కడపటి దినము లవి. దక్కనుపీఠభూమిపై నీలమేఘములు మదగజయూథములవలె నొండొంటి నొరసికొనుచు తిరుమలగిరి గుట్టలమీదుగా బొల్లారమువైపునకు దిగివచ్చుచుండెను. ఒకప్పుడు దొరల దండులకు విడిదియై వెలసిన యా ప్రాంతమున రాతిగోడల పాతబంగళాలును చింతచెట్ల బాటలును చర్చిగోపురమును ఎడతెగని వానలచే నల్లబడి యుండ, నడుమనున్న విశాలమైదానము చిత్తడియై యాకసమునంతయు దనలో బ్రతిఫలింపజేయుచు నిశ్శబ్దముగా బరుండియుండెను. తెల్లవారి చాలసేపైనను సూర్యుడెచ్చట నున్నాడో తెలియరాకపోవుటచే జనులు దీపములు వెలిగించుకొనియే పొయ్యి రాజేసికొనుచుండిరి.

ఆ మైదానమునకు దిగువగా నాలా యొడ్డున సాగు పల్లపువీధిలో ఇన్నయ్య యను వృద్ధుడు భార్య శౌరమ్మతో గాపురముండెను. చిరకాలము బడిపిల్లలకు చిత్రలేఖనము నేర్పి విశ్రాంతి గైకొనిన యా బక్కపలుచని మనుష్యునకు ఈ లోకమున రెండే వ్యసనములు. ఒకటి వెల్లుల్లికారము. రెండవది నీలతారలు.

నీలతారలనగా నొకప్పుడు ఆ మైదానముననే పుట్టి పెరిగి మఱుగుపడిన యొక ఫుట్‌బాలు జట్టు. రైలుకార్ఖానా కూలీలును దండు వంటవాండ్రును తోటమాలులును గూడి కట్టుకొనిన యా జట్టువారు తొలుత పాదరక్షలైన లేక బూటుకాళ్ల సిపాయిలతో దలపడి గెలిచి యొక యేడు పరదేశపు కప్పును సైతము బొల్లారమునకు దెచ్చిరి. తండ్రి భుజములపై గూర్చుండి జనసమ్మర్దమునకు మీదుగా పసివాడైన ఇన్నయ్య చూచిన యా యాట యతని కన్నులలో నెన్నటికిని జల్లారలేదు. కాలక్రమమున ఆటగాండ్రు గతించిరి. జట్టు చెదరెను. వారి పేళ్లు వారి మనుమలకే తెలియకపోయెను.

ఆ మఱపును సహింపజాలక ఇన్నయ్య యుద్యోగము చాలించిననాటినుండి యిల్లిల్లు దిరిగి ముసలివారి చెంత గూర్చుండి వారి దగ్గుల నడుమ నిట్టూర్పుల నడుమ దొరలిన మాటముక్కల నేరుకొనుచు అటకలమీది పెట్టెలనుండియు బీరువాల యడుగులనుండియు నా జట్టు జ్ఞాపకములను వెలికి దీయించెను. కుట్లు విడిన తోలుబంతి, మేకులూడిన బూట్లు, రిబ్బను వెలిసిన పతకములు, రిఫరీ యీల, ఆటగాండ్ర చిన్నచిన్న ఫోటోలు, వీనికన్నిటికిని మిన్నగా కప్పు గెలిచిననాడు జట్టంతయు వరుసగా నిలిచి తీయించుకొనిన పెద్ద ఛాయాచిత్రము అతని ముందుగదిని జేరెను. ఇందనేకములు దానముగా వచ్చినవి కావు. చూపించి తిరిగి యిచ్చెదనని చేతిలో జేయివైచి తెచ్చినవి. రానున్న యాదివారమున చర్చి మేడగదిలో వానినెల్ల బ్రదర్శించి, ఇచ్చినవారిని ముందువరుసలో గూర్చుండబెట్టి, వారి పెద్దల ఘనత నూరివారికి దెలుపవలెనని యతని సంకల్పము.

మేడగది తాళపుచెవి బుధవారమే యతని చేతికి వచ్చెను. సామానంతయు వెంటనే మీదికి జేర్పుమని శౌరమ్మ పోరెను. కాని చిత్రలేఖనోపాధ్యాయుని చేయి యూరకుండునా? ప్రతివస్తువునకును అందమైన యక్షరములతో బేరు వ్రాసి యతికించినగాని కదల్పనని భీష్మించి యతడు పెద్ద ఛాయాచిత్రమును గోడకు దగిలించి తక్కినవాని నన్నిటిని నేలమీద జాపలపై బరచుకొని కూర్చుండెను. ఆ జాగే యతని కొంప ముంచెను.

శుక్రవారము ప్రొద్దున ఎగువ చెఱువుకట్ట తెగెను.

మొదట గడపక్రిందినుండి సన్నని పాయ యొకటి లోనికి బ్రాకివచ్చెను. ఇన్నయ్య విసుగుకొని గుడ్డతో దాని నొత్తెను. మఱుక్షణమున తలుపు విఱిగినట్లు తెఱచుకొని యెఱ్ఱని నీరు చెత్తతో చెప్పులతో కోడిగంపతో గదిలోనికి దుమికెను. అతడు బూట్లనెత్తి మంచముపై బెట్టెను. బంతినెత్తి మంచముపై బెట్టెను. పతకముల డబ్బాను చేరవేయుచుండగనే మంచమే తేలి యొరిగి యెత్తినదెల్ల మరల నీటికే యప్పగించెను. అతడు మోకాళ్లపై బడి రెండుచేతులతో బురదనీటిని దేవుకొనుచు చేతికి జిక్కినదానిని ఱొమ్మున కదుముకొనుచు, అదుముకొనినది జాఱిపోవ మఱియొకదానికై మునుగుచు, పిచ్చివానివలె నా ఆటగాండ్ర పేళ్లను బిలువసాగెను.

“మీకు దండం పెడ్త, ఇడ్సిపెట్టుండ్రి! గోడ కూలేటట్టున్నది, బయటికి రాండ్రి!” యని శౌరమ్మ వెనుకద్వారము కడనుండి యఱచెను.

అతడు గోడమీది పెద్ద ఛాయాచిత్రమును మేకునుండి యూడబెఱికి నెత్తిమీద బెట్టుకొని బయటికి వచ్చెను. వీధి యేరై యుండెను. నీరు నడుమును దాటెను. శౌరమ్మ యప్పటికే యెవరిదో చేయి యూతగా మైదానపు మిట్టవైపునకు బోవుచుండెను. ఆమె వెంట బోవుటకై యడుగు వేయునంతలో పొరుగింటి గుమ్మమున యాదమ్మ చంటిబిడ్డను భుజమున నెత్తుకొని గుండెలు బాదుకొనుచు గనబడెను.

“సారూ! మా అత్త లోపల్నే ఉన్నది! నాతోని లేస్తలేదు! జర రా సారూ!”

యాదమ్మ యత్త పక్షవాతముచే మంచమునంటుకొనినది. ఇన్నయ్య యెఱుగును. ఆ క్షణమున నతని మనస్సున నేమి మెదలెనో చెప్పకుండుట కథకునకు సులభమే యగును గాని సత్యము కాదు. అతడా ముసలిదానిని ద్వేషించెను. ఈ వానలో ఈ ముసలి యేల బ్రతికియుండవలెనని తలంచెను. తలంచిన వెంటనే తన తలంపునకు దానే గడగడలాడెను. చిత్రమును బెట్టుటకు ఒక గోడయైనను ఒక కొమ్మయైనను దొరకునేమోయని నలుదెసలు జూచెను. ఎచ్చటను నీరే. తుదకు దానిని నిద్రించు బిడ్డను బండుకొనబెట్టినట్లు నీటిపై వెల్లకిల బెట్టి చేయి తీసెను. అద్దములోనుండి యా వరుసలోని మొగము లన్నియు నొక్కమాఱు ఆకాశమువైపు జూచెను. చిత్రము మెల్లగా దిరిగి వీధిమలుపున నదృశ్యమయ్యెను.

ముసలిదానిని వీపున వైచుకొని యతడు మిట్ట కెక్కెను. ఆమె ప్రాణములతో దక్కెను. చర్చి వరండాలో దలదాచుకొనిన జనులెల్ల “సారు దేవుడు” అని పొగడిరి. ఆ మాట యొక్కొక్కటియు నతని చెవిలో ముల్లై దిగుచుండెను. దేవునకు ముసలిదానిమీద ద్వేషము గలుగునా? అతడు గోడవైపు దిరిగి కూర్చుండి తడిబట్టలు మార్చుకొనుటకు సైతము నిరాకరించెను.

మఱునాటికి నీరు తీసెను. ఇంటిలో మోకాలిలోతు బురద. ఆ బురదను జేతులతో ద్రవ్వి యతడు వెలికి దీసినదానిని దలచుకొనినను గుండె చెదరును. తోలుబంతి యుబ్బి పగిలియుండెను. ఫోటోలు వట్టి కాగితములై యొకదానికొకటి యంటుకొని యుండెను. విడదీసినచో చొక్కాలు మిగిలెను, కట్టుకొనిన చేతులు మిగిలెను, మొగములుండవలసిన చోట మాత్రము తెల్లని మచ్చలు మిగిలెను. నాలా వెంట వెదుకగా వెదుకగా తుమ్మపొదలో పెద్ద ఛాయాచిత్రపు చట్రము కానవచ్చెను. అందు చిత్రము లేదు.

ఆదివారమున జరుగవలసిన ప్రదర్శనము జరుగలేదు. నాడు మొదలు ఇన్నయ్య తలుపు బిగించుకొని యుండెను. వస్తువు లిచ్చినవారు వచ్చి పిలిచినచో ఇంట లేడని శౌరమ్మచే జెప్పించెను. అన్నము నోటికి బోవదు, కన్ను మూతవడదు. పరాయివారి యిండ్లలో దశాబ్దములు భద్రముగా నున్న వస్తువులు తన యింటికి వచ్చి గదా నశించెనని, తా నేమియు జేయకయున్నచో అవి నేటికిని బెట్టెలలో నుండెడివి గదా యని తన్ను దాను గోసికొనుచుండెను. రాత్రులయందు మాత్రము నాలా యొడ్డునకు బోయి నీటివైపు జూచుచు నిలుచుట యతనికి నలవాటయ్యెను. ఆ చూపును శౌరమ్మ కనిపెట్టెను.

ఒకనాడామె మిగిలిన వస్తువులనెల్ల గోనెసంచిలో వేసి యతని ముందు బెట్టెను.

“ఎన్నొద్దులని తలుపేస్కుంటరు? వాళ్లు మిమ్మల్ని నమ్మి ఇచ్చిన్రు. పొయ్యి మొకం జూపియ్యుండ్రి. తిడితే తిట్టనియ్యుండ్రి. సచ్చినోని లెక్క ఇంట్ల కూసునుడు నేను జూడలేను.”

అతడు సంచి నెత్తుకొని బయలుదేరెను. మొదటి యిల్లు నీలతారల గోలురక్షకుడైన దావీదుది. దావీదు పోయి యేండ్లైనది. అతని కుమారుడు సంసోను మోటారుపని చేయువాడు గుమ్మమున నిలిచి మొగము లేని ఫోటోను జేత బుచ్చుకొని చాలసేపు చూచెను.

“సార్, మా నాయనది గిదొక్కటే ఫోటువ ఉండె. నీకు ఇయ్యద్దనె మా ఇంటామె. నేనే ఇచ్చిన. ఇగ మా పిల్లలకు తాత ఎట్లుంటడో ఏం జూపియ్యాలె?”

అతడు కేకలు వేయలేదు. వేసినచో బాగుండెడిదని ఇన్నయ్యకు దోచెను. తలుపు మెల్లగా మూయబడెను.

మఱియొక యింట నొకడు నోటికి వచ్చినట్లు తిట్టెను. వేఱొక యింట నొక ముసలివాడు తుప్పుపట్టిన పతకమును గ్రహించి లోనికి బోయెను.  సంచిలో నిక నొక్కటే వస్తువు మిగిలెను. జట్టులో కుడివైపు పరుగెత్తు ఐలయ్య తొడిగిన నీలిబనీను అది. కప్పు గెలిచిన మఱుసటి యేడు ఐలయ్య విషజ్వరముచే యౌవనముననే కన్నుమూసెను. అతని యక్క నాంచారమ్మ యా బనీనును నాటినుండి యుతుకక యొక రేకుపెట్టెలో దాచుకొనియుండెను. ఎంతో బతిమాలించుకొని ఇన్నయ్యకు దాని నిచ్చెను.

అంగడివెనుక నొంటిగదిలో కాపురముండు నాంచారమ్మ చేటలో బియ్యము చెఱుగుచుండెను. అతడు బనీనును ఆమె యొడిలో బెట్టి చేతులు జోడించెను. ఆమె దానిని రెండుచేతుల నెత్తి మొగమున కానించుకొని గట్టిగా వాసన జూచెను. మరల జూచెను. అటుపిమ్మట దానిని మెల్లగా దించెను.

“గిది మావోని వాసన గాదు.”

ఇన్నయ్య యామె కాళ్లకడ గూలబడెను. “అక్కా, నా తోని తప్పయింది. ఏం జెయ్యమంటవో జెప్పు. నాకు బతకబుద్ధయితలేదు.”

నాంచారమ్మ చేటను దూరముగా జరిపెను. బనీనును మడతపెట్టెను, విప్పెను, మరల మడతపెట్టెను. తుద కిట్లనెను:

“సారూ, చిన్నగున్నప్పుడు నువ్వు మావోడు ఆడంగ జూసినవు గదా?”

“చూసిన.”

“నేను జూడలే. ఆడపిల్లలను మైదానం దిక్కు పోనియ్యకపోతుండ్రి. వాడు బురద జేస్కొని తెచ్చిన బట్టలు ఉతికిన గని వాడు ఆడుడు ఎన్నడు జూడలే. ఎట్ల ఆడుతుండె? జెప్పు.”

ఇన్నయ్య నోరు తెఱచెను. ఏ యేడు ఎవరితో బోటీ, ఎవరు గెలిచిరి, ఎన్ని గోలులు, తాను చీటీలపై వ్రాసి యతికించినవన్నియు నప్పజెప్పసాగెను. ఆమె చేయెత్తి వారించెను.

“గవన్ని నాకెందుకు? వాడు ఎట్ల ఉరుకుతుండె?”

అతడు కన్నులు మూసికొనెను. లెక్కలన్నియు దొలగగా వాని క్రింద నొక్క దృశ్యము మిగిలియుండెను. మైదానపు సున్నపుగీత వెంట సన్నని యువకుడొకడు రివ్వున వచ్చుచు, బంతిని దన్నబోవుటకు ముందు, అందఱు జూచుచుండగనే, ఎడమచేతితో లాగును నడుముమీదికి గుంజుకొనుచుండెను.

“ప్రతిసారి అట్లనే అక్కా. లాగు గుంజుకునేది, తన్నేది. జనం నవ్వుతుండ్రి. గుంజుకున్నడంటే గోలే అని అరుస్తుండ్రి.”

నాంచారమ్మ కన్నులు విప్పారెను. “నాడ! గా లాగు నేనే కుట్టిన సారూ! నడుంకు గట్టే నాడ నిలువకపోతుండె. మంచిగ కుట్టక్కా అని మొత్తుకుంటుండె. గంత మందిల గుడ్క గుంజుకున్నడా?”

ఆమె నవ్వసాగెను. ముడుతలుపడిన మేనంతయు గదలునట్లు నవ్వెను. నవ్వు నవ్వుగానే యేడుపైపోగా బనీనును నోటి కడ్డము పెట్టుకొని యేడ్చెను. ఇన్నయ్య యామె ప్రక్కన నేలపై గూర్చుండి తన కన్నుల నీటిని దుడుచుకొనుట మఱచెను. ఇన్నేండ్లుగా నిల్లిల్లు దిరిగి వస్తువులనే యడిగితిని గాని నాకడ నున్నదానిని ఎవరికైన నొక్కమాఱైన నిచ్చితినా యని యతని మనస్సు నిలదీసెను. 

ప్రొద్దు వాలకమునుపే యతడు వట్టి గోనెసంచిని జంకనిడుకొని సంసోను ఇంటికి మరల జేరి తలుపు తట్టెను.

“ఎవరు?”

“నేను. ఇన్నయ్యను.”

 లోపల టీవీ ధ్వని యినుమడించెను. పొమ్మని దాని యర్థము. ఇన్నయ్య పోలేదు. మూయబడిన తలుపుచెక్కకు నొసటి నానించి, వినువారుందురో లేరో యెఱుగకయే, గొంతెత్తి చెప్ప నారంభించెను:

“సంసోనూ, మీ నాయిన గోల్ల నిలబడితే గద్ద లెక్క ఉంటుండె. గని గోల్ పడ్డంక ఏం జేస్తుండెనో ఎరికేనా? అందరు తలకాయలు పట్టుకుంటుండ్రి. మీ నాయిన ఒక్కడే పొయ్యి బంతి తెచ్చి, తన అంగితోని మట్టి తుడిచి, పసిపోరన్ని ఇచ్చినట్టు రెండు చేతులతోని రిఫరీకి ఇస్తుండె. తను ఓడినా బంతిమీద కోపం జెయ్యకపోతుండె…”

వీధిని బోవువారు ఆగి తలుపుతో మాటాడు నా ముసలివానిని వింతగా జూచి సాగిపోవుచుండిరి. దూరమున ఉఱుము మ్రోగెను. తలుపు తెఱవబడలేదు. కాని కొంతసేపటికి టీవీ ధ్వని తగ్గెను. మఱికొంతసేపటికి పూర్తిగా నాగెను. అటుపిమ్మట తలుపునకు ఆవలిదెస, నేలమీద నెవరో పీటను జరపుకొని కూర్చుండిన చప్పుడు వినబడెను.